కోళ్లకు ఫ్రాస్ట్‌బైట్: రాకుండా చూసుకోవడం, వచ్చాక బాగు చేయడం

గడ్డకట్టే చలి రాబోతోందని తెలియగానే పెరటి కోళ్లు పెంచేవాళ్లలో చాలామంది మొదట చేసే పని గూటికి ఉన్న సందులన్నీ మూసేయడం. కిటికీకి గోనెపట్టా, చూరు కింద గుడ్డ పేలికలు, తలుపు చుట్టూ టేపు. వెచ్చగా ఉంటాయని చేసిన ఆ పనే తెల్లారేసరికి పుంజు తల మీది ఎర్రటి జుట్టు కొసలు తెల్లబడటానికి కారణమవుతుంది. ఫ్రాస్ట్‌బైట్ అంటే విపరీతమైన చలికి ఒంటి చివర్లు గడ్డకట్టి దెబ్బతినడం. కోడికి దాన్ని తెచ్చేది చలి ఒక్కటే కాదు. చలికి తేమ తోడవ్వాలి, లేదా ఒంటికి నేరుగా ఈదురుగాలి తగలాలి. పొడిగా ఉండి, గాలి పైనుంచి బయటికి పోయే గూట్లో చిన్న జుట్టున్న ఆరోగ్యమైన కోళ్లు మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా నెట్టుకొస్తాయి. తేమతో ముసురుకున్న గూట్లో అయితే సున్నా కంటే కొద్ది డిగ్రీలు తగ్గినా పెద్ద జుట్టున్న పుంజు దెబ్బతింటుంది.

అందుకే ఇందులో సగానికి పైగా గూటి గురించే ఉంటుంది. మందులూ కట్లూ తర్వాత. ఈ రాత్రికే కోడికి దెబ్బ తగిలి ఇది వెతుక్కుంటూ వచ్చినవాళ్లు నేరుగా "వచ్చేసింది, ఇప్పుడేం చేయాలి" అన్న చోటికి వెళ్లండి, మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

ఒంట్లో ఏం జరుగుతుంది

కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీలు, మన కంటే ఎక్కువ. ఈకల కింద గాలిని పట్టి ఉంచి ఆ వేడిని కాపాడుకుంటుంది. ఈకలు లేని చోట్లు మాత్రం బయటే ఉండిపోతాయి: తల మీది జుట్టు, గడ్డం కింద వేలాడే తమ్మెలు, కాలి వేళ్లు. ఎండాకాలంలో కోడి ఒంటి వేడిని బయటికి పంపేది జుట్టూ తమ్మెల్లోంచే, అందుకే వాటి నిండా సన్నటి రక్తనాళాలు. చలి ముదిరితే గుండె, కాలేయం లాంటి లోపలి అవయవాలను కాపాడుకోవడానికి శరీరం ఆ నాళాలను బిగించి, చివర్లకు వెళ్లే రక్తాన్ని తగ్గించేస్తుంది. రక్తం రాని చోట కణజాలంలోని నీరు గడ్డకట్టి మంచు స్ఫటికాలవుతుంది. కణాలు పగులుతాయి, ఎండిపోతాయి, చిన్న నాళాల్లో రక్తం గడ్డకడుతుంది. కరిగాక కూడా అక్కడికి రక్తం పూర్తిగా చేరకపోతే ఆ భాగం చచ్చి నల్లబడుతుంది.

చర్మం తడిసి ఉంటే ఇదంతా చాలా తొందరగా జరుగుతుంది, ఎందుకంటే నీరు వేడిని పొడి గాలి కంటే ఎన్నో రెట్లు వేగంగా లాగేస్తుంది. గూట్లో ఆవిరి ఎక్కువైతే అది వచ్చి పేరుకునేది చల్లబడ్డ జుట్టు కొసల మీదే.

ఎవరికి ముందు తగులుతుంది

పుంజులకు. జుట్టు పెద్దది కావడం ఒకటి, పెట్టల్లా తల రెక్క కింద దూర్చుకుని పడుకునే అలవాటు వాటికి తక్కువ కావడం ఇంకొకటి. లెగ్‌హార్న్, మినార్కా లాంటి నిటారుగా పళ్లచక్రంలా లేచిన పెద్ద జుట్టు జాతులు మరీ సున్నితం. తలకు అంటుకుని చదునుగా ఉండే జుట్టున్న వయాన్‌డాట్, బ్రహ్మ, బక్‌ఐ బాగా తట్టుకుంటాయి. షాంటెక్లేర్ అనే జాతిని కెనడాలో ఈ చలికోసమే తయారుచేశారు, దానికి జుట్టూ తమ్మెలూ దాదాపు లేనట్టే. అయితే బ్రహ్మ, కొచ్చిన్ లాంటి కాళ్ల మీద ఈకలున్న కోళ్ల విషయంలో ఏమరుపాటు వద్దు. జుట్టు భద్రమే కానీ కాలి ఈకలు బురదలో, మంచులో తడిసి గడ్డకడితే వేళ్లు ఆ ఐసు ముద్దలోనే గంటలకొద్దీ ఉండిపోతాయి.

ఈకలు రాల్చుకుంటున్నవి, జబ్బుపడి లేచినవి, బక్కవి, మందలో అందరిచేతా పొడిపించుకుంటూ సరిగ్గా మేత దొరకనివి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఒకసారి ఫ్రాస్ట్‌బైట్ తగిలిన కోడికి మళ్లీ తగలడం తేలిక.

మొదటి పని: తెల్లవారుజామున గూటిని పరీక్షించడం

పగలు పదింటికి గూట్లోకి తొంగిచూస్తే ఏమీ తెలియదు. కోళ్లు రాత్రంతా పడుకున్నాక, మీరు తలుపు తెరవకముందు లోపల ఎలా ఉందన్నదే అసలు లెక్క. కాబట్టి బాగా చలిగా ఉన్న ఒక రోజు తెల్లవారకముందే టార్చి పట్టుకుని వెళ్లండి.

కిటికీ అద్దం లోపలి వైపు వేలు పెట్టి గీయండి. నీళ్లు అంటినా, సన్నటి మంచు పూత గోటికి పొడిలా రాలినా తేమ ఎక్కువైందన్నమాట. తర్వాత తల ఎత్తి పైకప్పు చూడండి, మేకుల తలలు ముఖ్యంగా. చెక్క కంటే ఇనుము త్వరగా చల్లబడుతుంది కాబట్టి ఆవిరి ముందు వాటి మీదే పేరుకుని తెల్లటి చుక్కల్లా మెరుస్తుంది. పైన మేకులు తెల్లబడి ఉంటే కింద కూర్చున్న కోళ్ల జుట్టుకూ అదే ఆవిరి పడుతోంది.

ఇక వంగి, కోళ్లు కూర్చునే ఎత్తుకు మీ ముఖం తెచ్చి గాలి పీల్చండి. నిలబడి చూస్తే వాసన తెలియకపోవచ్చు. ముక్కు ఘాటెక్కితే, కళ్లు మండితే అది రెట్టలోంచి వస్తున్న అమ్మోనియా. మన ముక్కుకు తెలిసేసరికే అది కోడి ఊపిరితిత్తులకు చెడు చేసే స్థాయికి దగ్గరపడి ఉంటుంది. అమ్మోనియా ఉందంటే తేమ ఉన్నట్టే.

ఉష్ణోగ్రతతో పాటు గాలిలో తేమ కూడా చూపించే చిన్న మీటరు ఒకటి గూట్లో, ఇంకొకటి బయట పెట్టుకోవడం మంచిది. లోపల 50 నుంచి 70 శాతం మధ్య ఉంటే బాగుంటుందంటారు. కానీ బయటే తేమగా ఉండే రోజుల్లో ఆ అంకె అందదు, దానికోసం కంగారుపడక్కర్లేదు. లోపలి అంకె బయటి దానికంటే బాగా ఎక్కువ ఉందా అన్నదే చూసుకోండి. ఉంటే ఆ తేమ మీ కోళ్లదే, దానికి బయటికి పోయే దారి లేదన్నమాట.

గాలికి దారి, కానీ కోళ్ల మీదుగా కాదు

ఒక పెట్ట రోజుకు పావు లీటరు దాకా నీళ్లు తాగుతుంది. అందులో కొంత గుడ్డులోకి పోతుంది, మిగతాదంతా ఊపిరిగానూ రెట్టగానూ బయటికొస్తుంది. రెట్టలో మూడొంతులు నీరే. పది కోళ్లను గట్టిగా మూసిన పెట్టెలో పడుకోబెడితే రాత్రి తిరిగేసరికి ఎంత నీరు గాలిలో కలుస్తుందో మీరే లెక్కేసుకోండి.

తేమతో కూడిన వెచ్చటి గాలి పైకి లేస్తుంది. కాబట్టి అది పోయే కంతలు పైనే ఉండాలి: చూరు కింద రెండు వైపులా, లేదా త్రికోణం గోడల కొసన. కోళ్లు కూర్చున్నప్పుడు వాటి తలలకు కనీసం ఒక అడుగు పైన ఉంటే గాలి వాటి మీదుగా పోకుండా పైపైనే పోతుంది. ఎంత కంత కావాలంటే చాలామంది పెంపకందారులు పాటించే లెక్క కోడికి ఒక చదరపు అడుగు. అంత పెట్టలేకపోతే పెట్టగలిగినంత పెట్టి, తెల్లవారుజామున అద్దం పరీక్ష మళ్లీ చేయండి. అద్దం పొడిగా ఉంటే చాలు, కొలతల గొడవ అక్కర్లేదు.

కంతలన్నిటికీ గట్టి ఇనుప వల కొట్టండి. కోళ్లను పట్టుకుపోయే జంతువులు సన్నటి కోళ్లవలను చింపేస్తాయి, అరంగుళం చదరపు కళ్లున్న వెల్డ్ మెష్ అయితే ఆగుతుంది. ఒక్కొక్క కంతకూ కీలుతో చిన్న పలక బిగిస్తే తుఫాను గాలి ఎటునుంచి కొడుతుందో ఆ వైపు మాత్రం మూసి, రెండో వైపు తెరిచి ఉంచవచ్చు. రెండూ మూసేసే రాత్రి అంటూ ఉండకూడదు.

కింది భాగం సంగతి దీనికి పూర్తిగా వేరు. కోళ్లు కూర్చునే ఎత్తులో, అంతకు కింద ఉన్న పగుళ్లూ సందులూ అన్నీ మూయాల్సిందే. ఒక పని చేసి చూడండి: రాత్రి గాలి వీస్తున్నప్పుడు సన్నటి కాగితం చీలిక దారానికి కట్టి కోళ్లు కూర్చునే కర్ర దగ్గర వేలాడదీయండి. అది ఊగుతుంటే ఆ ఎత్తులో ఎక్కడో సందు ఉంది, వెతికి మూయండి. ఈకల మీద గాలి కొడితే ఈకలు లేస్తాయి, వాటి కింద పట్టి ఉన్న వెచ్చటి గాలి పోతుంది.

కింద పరిచేది, రెట్ట

రాత్రి పడే రెట్టే గూట్లో తేమకు పెద్ద కారణం, అదృష్టవశాత్తూ అదంతా ఒకే చోట, కర్ర కిందే పడుతుంది. కర్రకు అడుగు కింద ఒక వెడల్పాటి పలక బిగించి దాని మీద పొడి ఇసుకో రంపపు పొట్టో చల్లండి. పొద్దున్నే ఒక గోకుడు పారతో ఎత్తి బయట పారేస్తే ఐదు నిమిషాల పని. చలికాలంలో చేసే పనులన్నిటిలో ఇంత తక్కువ శ్రమకు ఇంత ఫలితం ఇచ్చేది ఇంకోటి లేదని నా నమ్మకం.

నేల మీద రంపపు పొట్టు, ఊక, తరిగిన గడ్డి ఏదైనా కనీసం ఆరంగుళాల మందాన ఉండాలి. చలికాలమంతా తీయకుండా పైన పైన వేసుకుంటూ పోయే లోతు లిట్టర్ పద్ధతి బాగా పనిచేస్తుంది, కానీ దాన్ని తిరగేస్తూ పొడిగా ఉంచితేనే. పిడికెడు తీసి గట్టిగా పిసకండి. చెయ్యి తెరవగానే విడిపోవాలి. ఉండలా నిలబడితే తడి ఎక్కువైంది, ఆ భాగం తీసేసి కొత్తది వేయాలి. తడిసి అట్టకట్టిన లిట్టర్ ఉన్నదానికంటే ఏమీ పరచకపోవడమే మేలు.

కూర్చునే కర్ర

కాలి వేళ్లు గడ్డకట్టకుండా కాపాడేది ఇదే. గుండ్రటి సన్న కర్ర మీద కోడి వేళ్లు చుట్టి పట్టుకుంటుంది, వేళ్ల కొసలు ఈకల బయట ఉండిపోతాయి. రెండంగుళాల మందం, నాలుగంగుళాల వెడల్పున్న చెక్క పట్టెను వెడల్పు వైపు పైకి వచ్చేలా పడుకోబెట్టి బిగిస్తే పాదం చదునుగా ఆనుతుంది. కోడి కూర్చోగానే రొమ్ము ఈకలు మొత్తం పాదాన్ని కప్పేస్తాయి. అంచులు కొద్దిగా గుండ్రంగా చిత్రిక పట్టండి, చెక్క ముక్కలు గుచ్చుకుంటే అరికాలి పుండ్లు వస్తాయి.

ఇనుప పైపులు, ప్లాస్టిక్ పైపులు వద్దు. ఇనుము వేడిని లాగేస్తుంది, ప్లాస్టిక్ జారుతుంది. కోడికి ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాల చోటు లెక్కన అన్నీ ఒకే ఎత్తులో కూర్చునేలా చూస్తే ఒకదానికొకటి ఆనుకుని వెచ్చబడతాయి. మందలో బెదురుగా ఉండే కోడి నేల మీదో గుడ్లపెట్టెలోనో ఒంటరిగా పడుకుంటుంటే రాత్రి చీకటి పడ్డాక తెచ్చి మిగతావాటి మధ్య కూర్చోబెట్టండి. చీకట్లో ఎవరూ పొడవరు.

నీళ్లు

గూట్లో నీళ్ల పాత్ర పెట్టొద్దు. రాత్రి కోళ్లు తాగవు, ఆ నీళ్లు ఆవిరై గాలిలో కలవడం, ఒలికి లిట్టర్ తడవడం తప్ప లాభం లేదు. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్లతో బయట, గాలి తగలని మూల పెట్టండి. గడ్డకడుతుంటే పగలు రెండు మూడు సార్లు మార్చాలి, లేదా కింద వేడెక్కే పళ్లెం వాడాలి. నీళ్లు అందకపోతే కోడి మేత తగ్గించేస్తుంది, మేత తగ్గితే ఒంట్లో వేడి తగ్గుతుంది.

పాత్ర ఆకారం కూడా చూసుకోవాలి. వెడల్పు గిన్నెలో తాగితే పుంజు తమ్మెలు ప్రతి గుక్కకూ మునిగి, బయటికి రాగానే గడ్డకడతాయి. పక్కకు బిగించే నిపుల్ డ్రింకర్లు (ముక్కుతో నొక్కితే నీటి చుక్క వచ్చేవి), సన్నటి అంచున్న పాత్రలు ఈ ఇబ్బంది తప్పిస్తాయి. జుట్టు బాగానే ఉండి తమ్మెలకు మాత్రమే దెబ్బ తగిలితే ముందు అనుమానించాల్సింది నీళ్ల పాత్రనే.

మేత, దొడ్డి

చలిలో కోళ్లు ఎక్కువ తింటాయి, తిననివ్వండి. మామూలు లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ల మేత) అడ్డు లేకుండా దొరకాలి. సాయంత్రం కర్ర ఎక్కే ముందు కొద్దిగా విరిచిన మొక్కజొన్న, గోధుమ లాంటి గింజలు చల్లితే రాత్రి అరుగుతూ ఒంట్లో వేడి పుడుతుంది. రోజు మొత్తం తిండిలో ఇవి పదో వంతు దాటకూడదు. గింజలతో కడుపు నింపేసుకుంటే దాణాలోని మాంసకృత్తులు తగ్గుతాయి.

బయట మంచు పడి ఉంటే కోళ్లు నడిచే దారి మేర పార తీసి గడ్డి పరచండి. దొడ్డికి గాలి వీచే వైపున పారదర్శక ప్లాస్టిక్ షీటు కట్టడం, ఒక మూల పైకప్పు వేయడం చాలు. కోళ్లు బయటికి రానంటే బలవంతంగా తోలొద్దు. తలుపు తెరిచి ఉంచితే ఎప్పుడు రావాలో వాటికే తెలుస్తుంది.

హీటర్, వాజలీన్, స్వెటర్

ఈ మూడింటి గురించి అందరూ అడుగుతారు.

వేడి దీపం గూట్లో పెట్టొద్దని గట్టిగా చెబుతాను. పొడి గడ్డి, దుమ్ము, ఎగిరే కోళ్లు, వాటి మధ్య మండే బల్బు. గూళ్లు తగలబడటానికి ఇది బాగా తెలిసిన కారణం. అదీకాక దీపం వేడికి అలవాటుపడ్డ కోళ్లకు చలికి తగ్గ దట్టమైన మెత్తటి ఈకలు పూర్తిగా రావు. అర్ధరాత్రి కరెంటు పోయిందంటే ఒక్కసారిగా చలిలో పడతాయి. ఇక తప్పదు, చలి మరీ దారుణం అనుకుంటే దీపం కాకుండా, పక్కన నిలబడితే సన్నగా వేడి తగిలే రేడియంట్ ప్యానెల్ గోడకు బిగించుకోండి. వైరును కోళ్లు పొడవకుండా గొట్టంలోంచి లాగండి.

జుట్టుకు వాజలీన్ పూయడం గురించి రెండు వాదనలున్నాయి. నీటి చుక్కలు నేరుగా చర్మానికి అంటకుండా పలచటి పొర కొంత అడ్డుపడవచ్చు. కానీ అది వేడిని పుట్టించదు, గడ్డకట్టే చలిని ఆపదు, ఆవిరితో నిండిన గూటికి విరుగుడు అసలే కాదు. పూయాలనుకుంటే రాత్రి కర్ర ఎక్కాక పలచగా పూయండి. పూశాం కదా అని కంతలు మూసేయడమే దానితో వచ్చే ప్రమాదం.

స్వెటర్లు వేయొద్దు. ఈకలను నొక్కేసి, తడిసి, ఎక్కడైనా తగులుకుని కోడిని చిక్కుల్లో పెడతాయి. బొమ్మల్లో ముద్దుగా ఉంటాయి, అంతే.

గుర్తుపట్టడం

చలి రాత్రి తర్వాత ప్రతి కోడినీ చేతికి తీసుకుని చూడాలి. దూరం నుంచి చూస్తే మొదటి గుర్తు తప్పిపోతుంది. ఆ మొదటి గుర్తు నలుపు కాదు, తెలుపు. జుట్టు కొసలు ఎరుపు పోయి పాలిపోయి, బూడిద రంగుకో మైనం రంగుకో తిరుగుతాయి. వేళ్ల మధ్య మెల్లగా పట్టుకుంటే చల్లగా, అట్టముక్కలా బిరుసుగా ఉంటుంది. పక్కనే ఎర్రగా ఉన్న భాగం మెత్తగా వంగుతుంది. కరిగాక కొన్ని గంటల్లో ఎర్రగా ఉబ్బుతుంది, ఒకటి రెండు రోజుల్లో నీటి బొబ్బలు రావచ్చు. లోతుగా తగిలిన చోట కొన్ని రోజుల నుంచి రెండు వారాల్లో నల్లబడి ఎండుతుంది.

కాళ్లకైతే కోడి కుంటుతుంది, ఒంటికాలి మీద నిలబడుతుంది, కర్ర ఎక్కదు. పాదం ఉబ్బి, రంగు మారి, తాకితే చల్లగా ఉంటుంది.

నల్లగా కనిపించిందల్లా ఫ్రాస్ట్‌బైట్ కాదు. వేరే కోడి పొడిస్తే ఏర్పడ్డ పక్కు అక్కడక్కడా చుక్కలా ఉంటుంది, కొసలకే పరిమితం కాదు. ఫౌల్ పాక్స్ అనే మశూచిలో పులిపిరుల్లా బొడిపెలు లేచి పక్కులు కడతాయి, ముఖం మీద, కళ్ల చుట్టూ కూడా వస్తాయి. తెల్లటి పొడి చల్లినట్టుంటే ఫంగస్ కావచ్చు. అరికాలి మధ్యలో నల్లటి పక్కుతో వాపు ఉంటే అది బంబుల్‌ఫుట్ అనే పుండు.

జుట్టు కొసలు మాత్రమే కాక మొత్తం నీలం, ఊదా రంగుకు తిరిగితే గుండె, ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు. అదే రంగుతో పాటు తల వాపు, గుడ్లు హఠాత్తుగా తగ్గిపోవడం, ఒకటి రెండు కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోవడం కనిపిస్తే బర్డ్ ఫ్లూను అనుమానించాలి. అప్పుడు వట్టి చేతులతో ముట్టుకోకుండా వెంటనే పశువైద్య అధికారులకు చెప్పాలి. చలికాలంలో వచ్చింది కదా అని ఫ్రాస్ట్‌బైట్ ఖాతాలో వేసేయకండి.

వచ్చేసింది, ఇప్పుడేం చేయాలి

ముందు కోడి మొత్తాన్ని చూడండి, జుట్టును కాదు. మత్తుగా వాలిపోయి, కళ్లు మూసుకుని, ఒళ్లంతా చల్లగా ఉంటే దానికి ఒంటి వేడే పడిపోతోంది. ప్రాణం ముందు, జుట్టు తర్వాత. తడి ఉంటే తువ్వాలుతో అద్ది, పొడి తువ్వాలులో చుట్టి, మామూలు గది వేడిలో ఉంచి మెల్లగా కోలుకోనివ్వండి. తల నిలబెట్టేదాకా నోట్లో నీళ్లు పోయొద్దు, గొంతులోకి కాక ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

కోడి చురుగ్గానే ఉంటే గాలి తగలని, గడ్డకట్టని చోటికి తీసుకురండి. వేడి గది అవసరం లేదు. పది, పదిహేను డిగ్రీలుండే షెడ్డో గదో సరిపోతుంది. ఒక్కటి గట్టిగా గుర్తుంచుకోండి: కరిగించాక మళ్లీ గడ్డకట్టే అవకాశం ఉంటే కరిగించొద్దు. ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిన కణజాలం మొదటిసారి కంటే ఎక్కువ పాడవుతుంది. లోపల ఉంచుకునే వీలు కుదిరాకే మొదలుపెట్టండి.

రుద్దకండి. మంచుతో రుద్దమనేవాళ్లూ ఉన్నారు, అది ఇంకా అన్యాయం. లోపల మంచు స్ఫటికాలున్న చోట రుద్దితే అవి కణాలను కోసేస్తాయి. హెయిర్ డ్రయ్యర్, వేడి దీపం, వేడినీళ్ల సీసా, హీటింగ్ ప్యాడ్ ఏదీ వద్దు. స్పర్శ పోయిన చర్మానికి కాలుతున్న సంగతి తెలియదు.

కాళ్లకైతే 38 డిగ్రీల నీళ్లలో పాదం మునిగేలా పదిహేను నుంచి ముప్పై నిమిషాలు ఉంచండి. థర్మామీటరు ఉంటే తప్పక వాడండి. లేకపోతే మోచేతికి గోరువెచ్చగా తగలాలి, వేడిగా కాదు. నీళ్లు చల్లారుతుంటే పాదం తీసి, వెచ్చటివి కలిపి, మళ్లీ పెట్టండి. కోడిని తువ్వాలులో చుట్టి ఒళ్లో పట్టుకుంటే గింజుకోదు. జుట్టుకూ తమ్మెలకూ అదే వేడి నీళ్లలో ముంచి పిండిన మెత్తటి గుడ్డను ఆనించి పట్టుకోండి, చల్లారగానే మార్చండి. మెత్తబడి, ఎర్రదనం తిరిగి వస్తే ఆపొచ్చు. ఎన్నో గంటల కిందట తగిలి ఇప్పటికే కరిగి ఉబ్బి ఉంటే ఈ వెచ్చబెట్టే పని అక్కర్లేదు.

తర్వాత పూర్తిగా ఆరబెట్టడం, అద్దుతూ, తుడవకుండా. కాలి ఈకల మొదళ్లలో తడి మిగలకుండా చూడండి.

కరిగేటప్పుడు, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు బాగా నొప్పి ఉంటుంది. కోడి చెప్పదు కాబట్టి లేదనుకోకూడదు. మేత మానేసి, ఈకలు ఉబ్బించుకుని ఓ మూల నిలబడితే అది నొప్పే. పశువైద్యులు మెలాక్సికామ్ లాంటి మందు బరువును బట్టి ఇస్తారు. ఎన్ని రోజుల గుడ్లు తినకుండా పారేయాలో కూడా అప్పుడే అడగండి. ఇంట్లో ఉన్న మన మాత్రలు అంచనా మీద వేయొద్దు. లిడోకైన్, బెంజోకైన్ లాంటి మొద్దుబార్చే మందు కలిసిన ఆయింట్‌మెంట్లూ సొంతంగా పూయొద్దు, పక్షులకు అవి ప్రమాదం కావచ్చు.

బొబ్బలు చిదపకండి. లోపలి నీరు కింద చర్మానికి రక్ష. అవి తమంతట పగిలితే సెలైన్‌తో గానీ, పలచటి టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపిన పొవిడోన్ అయోడిన్‌తో గానీ కడిగి, ఆరాక కలబంద జెల్ పలచగా రాయవచ్చు. హైడ్రోజన్ పెరాక్సైడ్ రోజూ పోస్తే కొత్తగా పుట్టే కణజాలం కూడా చస్తుంది, దాని జోలికి పోవద్దు.

కోడిని విడిగా ఉంచడం తప్పనిసరి. ఎర్రగా ఉబ్బినదో రక్తం చిమ్మేదో కనిపిస్తే మిగతా కోళ్లు పొడవకుండా ఉండలేవు. పంజరం మందకు కనిపించేలా పెట్టగలిగితే తిరిగి కలపడం తేలికవుతుంది. మేత, నీళ్లు నడవకుండానే అందేలా దగ్గర పెట్టండి. కాళ్లకు తగిలిన కోడికి కర్ర తీసేసి మెత్తగా, పొడిగా పరిచి, రోజూ మార్చండి.

నల్లబడిన భాగాన్ని కోయొద్దు

అసలు ఓపిక పట్టాల్సింది ఇక్కడే. నల్లగా ఎండిన కొస చూడ్డానికి బాగుండదు, కత్తెరతో తీసేస్తే శుభ్రంగా ఉంటుందనిపిస్తుంది. ఆ ఎండిన తొడుగే కింద బతికున్న కణజాలాన్ని కాపాడుతోంది. ఎంతవరకు చచ్చింది, ఎక్కడినుంచి బతికుంది అన్న గీత తేలడానికే కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో నల్లగా కనిపించినదంతా పోకపోవచ్చు కూడా. నాలుగు నుంచి ఆరు వారాల్లో, ఒక్కోసారి అంతకంటే ఆలస్యంగా, అది దానంతటదే ముడుచుకుని రాలిపోతుంది.

ఈలోగా రోజూ చూడాల్సింది పొడిగా ఉందా లేదా అని. పొడిగా, గట్టిగా, వాసన లేకుండా ఉంటే వదిలేయండి. మెత్తబడి కారుతున్నా, కుళ్లు వాసన వచ్చినా, నల్లటి గీత దాటి ఎర్రటి వాపు ఒంటివైపు పాకుతున్నా ఇన్ఫెక్షన్ చేరింది. వెంటనే పశువైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి, యాంటీబయాటిక్ కావచ్చు, చచ్చిన భాగాన్ని తీసేయడం కావచ్చు, అది వాళ్లే చేయాలి.

ఒకటి రెండు వేళ్లు పోయిన కోళ్లు బాగానే బతుకుతాయి. వాటికి కర్ర నేలకు అడుగు ఎత్తులో పెట్టి, ఎక్కడానికి చిన్న మెట్టు ఇవ్వండి. రెండు పాదాలూ పోయి నడవలేని కోడి విషయంలో మాత్రం బాధ లేకుండా చంపించడం గురించి డాక్టరుతో దాపరికం లేకుండా మాట్లాడాలి. అది తేలిక కాదు, కానీ నెలల తరబడి రొమ్ము మీద పాకించడం కంటే న్యాయం.

మళ్లీ మందలోకి

పుండ్లు ఆరి, ఎర్రదనం పోయాక కలపండి. వెచ్చటి గదిలో వారాలున్న కోడిని ఒక్కసారిగా మైనస్ పదిలోకి వదలకూడదు. కాస్త ఎండ ఉన్న పగలు కొన్ని గంటలతో మొదలుపెట్టి, రాత్రులు లోపల ఉంచి, వారం రోజుల్లో మెల్లగా మార్చండి. జుట్టు ఆకారం మారి ఉంటుంది కాబట్టి పాత స్నేహితులే కొత్త కోడిలా చూసి పొడవవచ్చు. మొదటి రోజు దగ్గరుండి చూసుకోండి.

పెట్టలు కొన్ని వారాలు గుడ్లు తగ్గించడం మామూలే. పుంజు విషయంలో ఇంకోటుంది: జుట్టుకూ తమ్మెలకూ గట్టిగా దెబ్బ తగిలిన పుంజుకు సంతానశక్తి కొంతకాలం పడిపోతుంది, బాగా నయమయ్యాకే తిరిగి వస్తుంది. ఈ సీజన్లో పొదిగించాలనుకుంటే ముందు నాలుగైదు గుడ్లే పెట్టి, ఏడో రోజు చీకట్లో టార్చి వెలుగుకు పట్టి లోపల ఎర్రటి నరాలు వేశాయో లేదో చూసుకుని, అప్పుడు మిగతావి పెట్టండి.